ఇంజను లోపలి సంగతి

మనుష్యుడు ధనమిచ్చి కొనెడి వస్తువులలో కొన్నింటి గుణము కంటికి కనబడును, కొన్నింటి గుణము చేతికి తగులును, మరికొన్నింటి గుణము మాత్రము వాడుకలో కొంతకాలము గడచినగాని బయలుపడదు. ఈ మూడవ తెగకు చెందిన వస్తువులలో, మధ్యతరగతి గృహస్థునకు, ఒకరు వాడి విడిచిన కారును మించిన పరీక్ష మరియొకటి లేదని నాకు ఇటీవల స్పష్టముగ బోధపడినది. పూర్వము మన రైతు అంగడికి పోయి ఎద్దును కొనునపుడు పండ్లు చూచి వయస్సు తెలిసికొనెడివాడు, సుళ్ళు చూచెడివాడు, నడిపించి నడక చూచెడివాడు, కాడి కట్టి నాలుగు సాళ్ళు దున్నించినగాని మొలలోని రొక్కమును బయటికి తీసెడివాడు కాడు. కారునకు పండ్లు లేవు. దాని వయస్సు కాగితముమీద ఉండును. దాని శ్రమ మీటరులో ఉండును, ఆ మీటరును వెనుకకు త్రిప్పగల నేర్పరులును లోకములో ఉన్నారు. ఇక దాని ప్రాణమైన ఇంజను బానెట్టు క్రింద ఇనుములో మూతపడి, కొనువానికి ఒక ధ్వనిని, ఒక వాసనను, ఒక పొగను మాత్రమే అనుగ్రహించును. ఈ మూటిని ఆధారము చేసికొని, ఎన్నో నెలల జీతమును ఒకనాటి మాటతో ముడివేయవలసియున్నది.

మేడ్చల్‌లోను శామీర్‌పేటలోను కాపురముండువారికి ఈ పరీక్షను తప్పించుకొనుట కష్టము. మేడ్చల్ నాగపురము పోవు 44వ జాతీయ రహదారిపై ఉన్నది. శామీర్‌పేట కరీంనగరము పోవు రాజీవ్ రహదారిపై ఉన్నది. ఈ దారులు రెండును నగరమునుండి బయలుదేరి ఒకదానికొకటి ఎడమగుచు ఉత్తరముగా సాగును. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాదునుండి మేడ్చల్ వరకు ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు నడువ మొదలిడినవి. నగరములోనికి పోవువారికి అది నిజముగా ఉపకారమే. కాని మేడ్చల్‌లో ఇల్లు కలిగి తుర్కపల్లి యొద్ద జీనోమ్ వ్యాలీలోని మందుల పరిశ్రమలో కొలువు చేయువాడు నగరమునకు పోవడు, అడ్డముగా తూర్పునకు పోవలెను, రాత్రి షిఫ్టు ముగించుకొని మరల పడమరకు రావలెను. ఈ రెండు ఊళ్ళను తాకుచు 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు పోవుచున్నది గాని, దానిపైకి స్కూటరును రానీయరు. కావున ఇంటిలో బిడ్డయు, ముసలి తల్లియు, కొలువును ఉన్న గృహస్థుడు ఎంత మితవ్యయపరుడైనను ఏదో యొకనాడు నాలుగు చక్రముల బండిని గూర్చి యోచింపక తప్పదు. కొత్తదానికి చాలినంత రొక్కము లేనినాడు, కొంపల్లి దాటినది మొదలు దారి ప్రక్కన అద్దములపై ధరలు వ్రాసికొని నిలిచియుండెడి పాతబండ్లవైపు అతని చూపు మరలక తప్పదు.

కాగితముల విషయమున చిక్కు తక్కువ. తెలంగాణ నేలమీద నమోదైన బండి యైనచో, దాని సంఖ్య మొదటి అక్షరములే దాని కాలమును చెప్పును: ఏపీ యన్నచో 2014లో రాష్ట్రము విడివడుటకు మునుపటిది, టీఎస్ యన్నచో ఆ తరువాతిది, టీజీ యన్నచో 2024 మార్చి నుండి వచ్చినది. ఆర్.సి. గడువు పదునైదేండ్లు; పిమ్మట ఐదేండ్ల కొకసారి పొడిగింపు. అమ్మువాడు 29వ ఫారముపైనను, ఇరువురును 30వ ఫారముపైనను చేవ్రాలు చేసినచో యాజమాన్యము మారును. బ్యాంకు అప్పు తీరినదో లేదో 35వ ఫారము చెప్పును. ఇవి అన్నియు ప్రభుత్వము చక్కగా ఏర్పరచిన సంగతులే. ఆర్.సి.లో ఇంజను నెంబరుకు ఒక గడి యున్నది. ఇంజను ఆరోగ్యమునకు మాత్రము గడి లేదు. కాలుష్య పరీక్ష పత్రము ఆ పొగ లోకమునకు ఎంత చెరుపు చేయుచున్నదో కొలుచునే గాని, ఆ పొగకు కారణమైన లోపలి రోగమేమో చెప్పదు.

నేను చూచిన బండి శామీర్‌పేటలో ఒక విశ్రాంత ఉపాధ్యాయునిది. బండి శుభ్రముగా ఉన్నది. సీట్ల కుట్లు చెదరలేదు. టైర్లు సమముగా అరిగినవి. ఆయన తాళముచెవి నా చేతికిచ్చుటకు ముందే, నేనింకను ఏ ప్రశ్నయు వేయకమునుపే, చెప్పిన మాట యిది: "తమ్మీ, నీకు ముందుగాల్నే చెప్త. రాత్రంత నిలవడితే పొద్దుగాల స్టార్ట్ చెయ్యంగనే నీలం పొగ కొడ్తది. జరసేపటికి పోతది. ఎందుకొస్తదో నాకు తెల్వదు. ఒకాయనేమో ఇంజన్ బోరుకొచ్చిందన్నడు, ఇంకొకాయనేమో ఏం కాదన్నడు." అంతకుమునుపు వచ్చినవారు ఈ మాట విని, కొందరు వెనుకకు తిరిగిరనియు, కొందరు సగము ధరకు అడిగిరనియు ఆయన మందస్వరమున చెప్పెను. ఆ మందస్వరము నన్ను చాలకాలము వెంటాడినది. దోషమును దాచినవాడు నిండు ధరను, దోషమును చెప్పినవాడు సగము ధరను పొందుట న్యాయమా యను ప్రశ్న బండి కొనుటకంటె పెద్దదై నా యెదుట నిలిచినది.

మొదట ఆ పొగను గూర్చి విచారింతము. పొగను చూచి నిప్పును ఊహించుట మన తార్కికులకు నిత్యమైన ఉదాహరణము. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమునందు ఆ పర్వతమును, ఆ ధూమమును, ఆ అగ్నిని చదువుకొనని శాస్త్రవిద్యార్థి ఒకప్పుడు లేడు. ఇంజను విషయమున నిప్పున్నదని ముందే తెలియును. పొగనుబట్టి తెలిసికొనవలసినది ఆ నిప్పులో ఏది పడుచున్నదను సంగతి. నల్లని పొగ వచ్చినచో పెట్రోలు మితిమీరి పోవుచున్నదనియు, ఇంజను బాగుగా వేడెక్కిన పిమ్మటను తెల్లని పొగ విడువక వచ్చుచున్నచో చల్లబరచుటకై తిరుగు కూలెంటు సిలిండరులోనికి దిగుచున్నదనియు, నీలిపొగ వచ్చినచో ఇంజను ఆయిలే కాలుచున్నదనియు మేస్త్రీలు చెప్పుదురు. అంతవరకు పొగ రంగు చాలును. కాని ఆయిలు సిలిండరులోనికి చేరుటకు దారులు రెండున్నవి. పిస్టను రింగులును సిలిండరు గోడయు అరిగినచో అది క్రిందినుండి ఎక్కును. దీనినే బోరుకు వచ్చుట యందురు. దీనికి ఇంజనును పూర్తిగా విప్పవలెను. వాల్వు కాడను పట్టియుండు రబ్బరు సీళ్ళు వయస్సుచేత గట్టిపడినచో అది పైనుండి చుక్కచుక్కగా దిగును; దీనికి అందులో కొద్దిపాటి ఖర్చు చాలును. రెండింటి పొగయు ఒకే రంగు. భేదమంతయు వేళలో ఉన్నది: సీళ్ళనుండి రాత్రియెల్ల దిగిన ఆయిలు ఉదయము మొదటి నిమిషములలో కాలి పోవును, రింగులు అరిగిన బండి పగలెల్ల, మెట్ట ఎక్కునపుడు, వేగము పెంచినపుడు పొగ విడుచుచునే యుండును. ఉపాధ్యాయుడు తనకు తెలియదనుచునే, పొగ ఎప్పుడు వచ్చుచున్నదో చెప్పి, సగము రోగనిర్ణయమును తానే చేసియుండెను.

ఆ శాస్త్రములోనే మరియొక హెచ్చరిక యున్నది. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు గలదు, పొగ లేదు. తడి కట్టె తోడైననే గాని నిప్పునుండి పొగ పుట్టదు. కావున పొగ లేకపోవుటనుబట్టి నిప్పు లేదని తేల్చుట తప్పగును. పాతబండ్ల బేరములో ఎక్కువమంది మోసపోవునది ఈ రెండవ చోటనే. కొనువాడు వచ్చుటకు ముందే ఇంజనును నడిపి వేడిచేసి యుంచినచో ఉదయపు పొగ కనబడదు. చిక్కని ఆయిలు పోసి యుంచినచో పొగయు, కొట్టుకొను చప్పుడును కొంతకాలము అణగియుండును. తప్పుల పట్టికను స్కానరుతో చెరిపివేసినచో డాష్‌బోర్డుపై ఇంజను దీపము కొన్నాళ్ళు వెలుగక యుండును. అందుచేతనే అనుభవజ్ఞులు పలుకరింపుకంటె ముందు బానెట్టుపై చేయి పెట్టి అది చల్లగ ఉన్నదా యని చూతురు. పొగ కక్కెడి బండి తన రోగమును చెప్పుకొనుచున్నది. ఏమియు చెప్పని బండిని గూర్చియే నాకు ఎక్కువ భయము.

మౌనము ఎంతదూరము పోగలదో ఈ ప్రాంతమువారు 2020లో చూచిరి. ఆ యేడు అక్టోబరు 13న కురిసిన వర్షమునకు నగరమెల్ల జలమయమై, ఈ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే ఘట్‌కేసర్ ప్రాంతమున ఒక్క దినములో 30 సెంటీమీటర్లకు పైగా వాన పడినది. అపార్టుమెంట్ల సెల్లార్లలో నిలిపిన కార్లు పైకప్పు వరకు మునిగినవి. గాలి నొక్కినచో నొక్కుకొనును, నీరు నొక్కుకొనదు. నీరు చేరిన సిలిండరులో పిస్టను పైకి లేవబోయినచో కనెక్టింగ్ రాడ్డు వంగిపోవును. అట్టి బండిని ఎండబెట్టి, తివాచీలు మార్చి, సుగంధము చల్లి, మునిగిన సంగతి చెప్పక అమ్మినవాడు అమ్మినది బండిని కాదు, తన నష్టమును. సీటుబెల్టును చివరివరకు లాగి చూచినచో లోపల మట్టిగీత కనబడవచ్చునని, సీటు క్రింది మరల తుప్పును చూడవలెనని ఇప్పుడు కొనువారు నేర్చికొన్నారు. ఇట్టి జ్ఞానమును నేర్చికొనవలసివచ్చుట యే ఒక దుఃఖము.

ఒకరికి తెలిసి మరియొకరికి తెలియని ఈ స్థితి సంతను ఏమి చేయునో జార్జి ఏకర్‌లాఫ్ అను అమెరికా ఆర్థికశాస్త్రవేత్త 1970లో ఒక చిన్న వ్యాసములో, పాతకార్లనే ఉదాహరణముగా తీసికొని నిరూపించెను. మంచిదానిని చెడ్డదానిని వేరుచేసి చూడలేని కొనుగోలుదారు అన్నింటికి సగటు ధరనే ఇయ్యజూపును. మంచి బండి గలవానికి ఆ ధర గిట్టక అతడు సంత విడిచి పోవును. మిగిలినవానిలో చెడ్డవి హెచ్చగును గనుక సగటు మరల పడిపోవును. ఇట్లు మంచివి తొలగిపోగా చెడ్డవే మిగులును. ఈ వ్యాసమునకు ముఖ్యముగా 2001లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఆ వ్యాసమును ప్రకటించుటకు మునుపు, 1967-68లో, ఆయన ఢిల్లీలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండెను. బజారు బియ్యములో కావలెనని కలిపిన రాళ్ళను ఏరుకొనెడి భారత గృహిణులు ఆ వ్యాసములోనికి వచ్చిరి. చేట ముందర కూర్చుండి రాళ్ళు ఏరిన మన తల్లుల ఆ శ్రమ, అమ్మువాని అసత్యమునకు కొనువారు ప్రతిదినము చెల్లించిన పన్ను గదా! శామీర్‌పేట ఉపాధ్యాయుని యొద్దకు వచ్చి సగము ధర అడిగినవారు కూడ దుర్జనులు కారు. వారు ఎచ్చటనో ఎవరివలననో మోసపోయిన లోకము తరఫున భయపడిరి; ఆ భయమునకు మూల్యము మాత్రము మోసము చేయనివాడు చెల్లింపవలసివచ్చినది.

చట్టము ఈ విషయమున ఏమనునో చూచితిని. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టములో 17వ సెక్షను మోసమును నిర్వచించి, ఊరకుండుట మాత్రమే మోసము కాదని చెప్పి, గుఱ్ఱము నొకదానిని ఉదాహరణముగా తెచ్చినది. వేలములో ఒకడు రోగమున్న గుఱ్ఱమును ఏమియు చెప్పక అమ్మినచో అది మోసము కాదు. అదే గుఱ్ఱమును అప్పుడే యుక్తవయస్సు వచ్చిన తన కూతురికే అమ్మినచో, ఆ బాంధవ్యమే అతనికి నోరు తెరవవలసిన విధిని కలిగించును. మూడవ ఉదాహరణము నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది: నీవు కాదనకున్నచో గుఱ్ఱము బాగున్నదనియే నేను తలంతును అని కొనువాడు చెప్పగా అమ్మువాడు ఊరకుండినయెడల, ఆ ఊరకుండుట మాటతో సమానము. అనగా అడిగినవాని యెదుట మౌనమునకు ఇక రక్షణ లేదు. అయితే అదే చట్టము 19వ సెక్షనులో, సాధారణ శ్రద్ధతో నిజమును కనుగొనగల అవకాశము ఉండియు కనుగొననివానికి, ఇట్టి మౌనముపై నెపము పెట్టి ఒప్పందమును విడిపించుకొను హక్కు లేదనుచున్నది. ఈ రెండును కలిపి చదివితిని: అడుగుట కొనువాని హక్కు మాత్రమే కాదు, అతని ధర్మము కూడ. అపరిచితుని "అన్నా" యని, "బాబాయ్" యని పిలిచి బేరమాడెడి మన అలవాటులో కూడ, అమ్మువానిని ఆ రెండవ ఉదాహరణములోని తండ్రి స్థానమునకు తీసికొనిపోవలెనను ఆశ యేదో ఉన్నదని నాకు తోచును. కాని పిలుపు చాలదు, ప్రశ్న కావలెను. బండి ఎప్పుడైన మునిగెనా, ఇంజను ఎప్పుడైన విప్పిరా, ఆయిలు ఎన్నాళ్ళ కొకసారి తక్కువ పడుచున్నది, ఎందుకు అమ్ముచున్నారు? ఇవి మర్యాద తప్పిన ప్రశ్నలు కావు. అడుగక మనసులో అనుమానించి ధర తగ్గించుటయే మర్యాద తప్పుట.

నా విషయమున అమ్మువాడు అడుగకయే చెప్పెను. చెప్పినదానికి కారణము ఆయనకే తెలియదు. ఇరువురము అజ్ఞానములో సమానులము. ఇచ్చట నాకు ఒక భేదము స్ఫురించినది: లోపమునకు ఒక వెల యున్నది, భయమునకు ఒక వెల యున్నది. లోపము నిజముగా బండిలో ఉన్నది గనుక దాని వెలను ధరలో తగ్గించి అడుగుట న్యాయము. భయము నా మనసులో ఉన్నది. దాని వెలను ఆయన నెత్తిన మోపుట న్యాయము కాదు. భయమును పోగొట్టునది తెలివిడి యొక్కటే, తెలివిడికి కొంత ఖర్చగును. ఆ ఖర్చును పెట్టుటకు సాధారణముగా ఎవ్వరును ఒప్పుకొనరు: తనది కాని బండికి తానెందుకు డబ్బు పెట్టవలెనని కొనువాడు, నడుచుచున్న బండిని విప్పుటకు తానెందుకు ఒప్పుకొనవలెనని అమ్మువాడు తలంచుటచేత, కొన్ని వందల రూపాయలతో తేలవలసిన సంగతి వేలకొలది రూపాయల అనుమానమై పెరుగును. నేను ఆయనతో ఇట్లంటిని: "సార్, మేడ్చల్‌లో నాకు తెలిసిన మేస్త్రీ ఉన్నాడు. బండి అక్కడ ఒక రాత్రి ఉంచుదాము. పరీక్ష ఖర్చు చెరి సగము. ఏది తేలినా ఇద్దరము ఒప్పుకుందాము." ఆయన బయానా మాట యెత్తక, తానే బండి నడుపుకొని వచ్చెను.

ఆ మేస్త్రీ లారీల షెడ్ల నడుమ చిన్న గ్యారేజి నడుపుచున్నాడు. మేము చేరిన వేళ ఇంజను వేడిగా ఉండుట చూచి, "ఇప్పుడు చూస్తె ఏం దొర్కదు సార్. బండి ఈడనే ఉండనీయుండ్రి. పొద్దుగాల మీరిద్దరొచ్చినంకనే స్టార్ట్ చేస్త" అనెను. మరునాటి ఉదయము నీలిపొగ ఉపాధ్యాయుడు చెప్పినట్లే వచ్చి, చెప్పినట్లే పోయినది. పిమ్మట అతడు నడుచుచున్న ఇంజను ఆయిలు మూత తీసి అరచేయి అడ్డుపెట్టి, బ్యాక్ కంప్రెషన్, అనగా రింగులను దాటి వచ్చెడి గాలి ఒత్తిడి, లేదనెను. మూత క్రింద తెల్లని నురుగు లేనందున నీరు కలియలేదనెను. మెట్టమీద మూడవ గేరులో లాగించి, వెనుక పొగ చూడుమని నన్ను వెనుక బండిలో రమ్మనెను, పొగ లేదు. చివరకు స్పార్కు ప్లగ్గులు తీసి కంప్రెషన్ గేజి పెట్టెను. మూడు సిలిండర్లలో ముల్లు 165కు అటునిటుగా నిలిచినది, నాలుగవదానిలో 155 చూపినది. ఆ నాలుగవదానిలో ఒక చెంచా ఆయిలు పోసి మరల చూచెను. రింగులు అరిగియున్నచో ఆ ఆయిలు సందులను మూయుటచేత ముల్లు బాగుగా పైకి ఎగబ్రాకవలెను. అది స్వల్పముగానే కదలినది. "బోరు పోలే సార్. వాల్వ్ సీల్స్ గట్టివడ్డయ్. ఇయ్యాలనే చేయించాల్నని లేదు, గని చేయించుండ్రి. గ్యారంటి మాత్రం నేనియ్య, లోపల్కి వొయ్యి చూడలే గద" అనెను. ఈ చివరి వాక్యముచేత అతనిపై నా విశ్వాసము ఇనుమడించినది. తాను చూచినదానిని చూచితినని, చూడనిదానిని చూడలేదని చెప్పెడి విద్యావంతులు ఏ వృత్తిలోనైనను ఎందరున్నారు?

అంతతో నిశ్చయము చేసికొంటిని. సంశయము పూర్తిగా తీరలేదు. నాలుగవ సిలిండరు తక్కిన మూటికంటె కొంచెము వెనుకబడియుండుటకు కారణము ఇప్పటికిని నాకు తెలియదు, అది రేపు పెరుగవచ్చును. కాని ఇప్పుడు మిగిలిన ఆ సంశయము నేను మోయగలిగినంతటిది. దానిని నేనే మోయవలెను గాని, దానికై ధరలో ఒక్క రూపాయియు తగ్గించుమని అడుగరాదు. సీళ్ళు మార్చుటకు మేస్త్రీ చెప్పిన ఖర్చును మాత్రము ధరలో తగ్గించుకొంటిమి. ఆ మాటకు ఉపాధ్యాయుడు వెంటనే ఒప్పుకొని, అంతకుమించి నేను ఏమైన అడుగుదునేమో యని కొంతసేపు నా ముఖమువైపు చూచెను.

29వ, 30వ ఫారములపై చేవ్రాళ్ళు చేసిన తరువాత, ఆయనయే ఒక తెల్లకాగితము తీసికొని, తరగతి గది నల్లబల్లమీదివంటి గుండ్రని అక్షరములతో, పొగ ఎప్పుడు వచ్చుచుండెనో, ఎంతసేపు నిలుచుచుండెనో, నాలుగు సిలిండర్లలో గేజి ఏమి చూపెనో, మేస్త్రీ ఏమనెనో వరుసగా వ్రాసి, క్రింద తేదీ వేసి, ఇరువురి చేవ్రాళ్ళును చేయించి, ప్రతి యొకటి తానుంచుకొని మరియొకటి నాకిచ్చెను. దానిని ఆర్.సి.తోడనే ఉంచితిని. సీళ్ళు మార్పించిననాడు మార్చిన తేదీని, అయిన ఖర్చును ఆ కాగితము అడుగుననే వ్రాయవలెను. ఇంకను సగము పుట ఖాళీగా ఉన్నది.